అట్ట లేని కమాండో

1988లో, ఇంటర్ రెండో ఏడు చదివేటప్పుడు, నా దగ్గర ముప్పై కమాండో కామిక్స్ పోగయ్యాయి. మా ఇంట్లో వారపత్రికల్లోంచి సీరియళ్లు చింపి బైండు చేయించడం అలవాటు. మా అమ్మ అలా రెండు బీరువా అరలు నింపింది. నా పుస్తకాలకీ ఆ మర్యాద దక్కాలనిపించి, విశాఖపట్నం పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉండే బైండరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పదేసి చొప్పున మూడు కట్టలు కట్టాడు. పిన్నులు పీకి, దారంతో కుట్టి, మైదా జిగురులో కాస్త మైలుతుత్తం కలిపి వెన్నుకి పట్టించి, ఎర్ర గుడ్డ వేశాడు. చివరగా కటింగ్ మిషన్‌లో పెట్టి మూడు వైపులా అంచులు సాపు చేశాడు.

సాపు చేయడమంటే ఏమిటో ఇంటికొచ్చి తెరిచాక తెలిసింది. పై బొమ్మల్లో మాటలుండే బెలూన్ల మొదటి వరస అడ్డంగా తెగిపోయింది. కొన్ని అట్టలకి ధర, నంబరు ఉన్న మూలే లేదు. అయినా అప్పుడు నాకేం బాధ కలగలేదు. వెన్ను మీద బంగారు రంగు అక్షరాలతో 'కమాండో 1', 'కమాండో 2', 'కమాండో 3' అని వేయించినందుకు వారం రోజులు పొంగిపోయాను.

ఇరవయ్యేళ్ల తర్వాత తెలిసింది, ఆ రెండో కట్టలో వందలోపు నంబర్లవి, అంటే మొదట్లో వచ్చినవి, నాలుగున్నాయని. వాటిని చెడగొట్టింది చెదలూ కాదు, వానా కాదు. నేనే.

కమాండో అంటే తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. స్కాట్లాండ్‌లోని డండీ ఊళ్లో డి.సి. థామ్సన్ అనే ప్రచురణ సంస్థ 1961 జులైలో మొదలెట్టిన బొమ్మల పుస్తకాల వరస ఇది. చొక్కా జేబులో దూరీ దూరనట్టుండే సైజు, అరవై చిల్లర పేజీలు, పేజీకి రెండో మూడో బొమ్మలు. అట్ట రంగుల్లో, లోపలంతా నలుపు తెలుపు. పేరు పక్కనే ఒక బాకు బొమ్మ. ఒక్కో పుస్తకం ఒక్కో పూర్తి కథ, దాదాపు అన్నీ రెండో ప్రపంచ యుద్ధం మీదే. ఇప్పటికీ వస్తూనే ఉంది, 2017లో అయిదువేల నంబరు దాటింది. దీనికంటే ముందే, 1958లో, లండన్‌లో ఫ్లీట్‌వే వాళ్లు 'వార్ పిక్చర్ లైబ్రరీ' అని అదే సైజులో మొదలుపెట్టారు. అది 1984లో ఆగిపోయింది. మా కుర్రాళ్లకి ఈ తేడాలేవీ పట్టేవి కావు. ఆ సైజులో ఏది కనిపించినా కమాండోయే, ఏ వనస్పతి అయినా డాల్డా అయినట్టు.

మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. నవలకి రోజుకి అర్ధ రూపాయి, కామిక్‌కి పావలా. మొదటి పేజీ మీద ఊదా రంగు రబ్బరు స్టాంపు. వీసీఆర్‌లు అద్దెకిచ్చే షాపులు పెరిగాక ఆ కొట్టు కళ తప్పింది. ఒకరోజు కొట్టాయన పుస్తకాలన్నీ గోనె పట్టా మీద పోసి రెండేసి రూపాయలకి అమ్మేశాడు. నా ముప్పై అలా వచ్చినవే. స్టాంపు ఉంటే ధర పడిపోతుందని ఇలాంటివి సేకరించే కలెక్టర్లు అంటారు. నాకైతే ఆ స్టాంపు కనిపిస్తే పుస్తకం పరాయిది అనిపించదు.

కథలు? నిజం చెప్పాలంటే అయిదారు రకాలే. మొదటి పేజీల్లో పిరికివాడు, చివరి పేజీల్లో టాంకు మీదికి ఒంటరిగా ఉరికేవాడు. ఒకే ప్లటూన్‌లో పడని ఇద్దరు, చివరికి ఒకరి ప్రాణం ఇంకొకరు కాపాడటం. మధ్యలో ఒక ద్రోహి. జర్మన్లు 'ఆఖ్తుంగ్' అని అరుస్తారు, చచ్చిపోయేవాడు 'ఆర్‌ర్‌ఘ్' అంటాడు. మా స్కూల్లో ఖోఖోలో అవుటైన ప్రతివాడూ 'ఆర్‌ర్‌ఘ్' అనే పడేవాడు. ఇవన్నీ తెలిసి కూడా ఇప్పటికీ ఏకబిగిన చదువుతాను. బొమ్మలు అంత బావుంటాయి. విమానాలు గీయడంలో ఇయాన్ కెన్నెడీని మించినవాడు లేడని నా నమ్మకం. డండీలోనే పుట్టి పెరిగి, 2022లో పోయాడు. ఆయన వేసిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం అట్ట మీద నుంచి మన మొహం మీదికే వస్తున్నట్టుంటుంది.

ఇక మా తాత సంగతి.

మా తాత రంగూన్ రేవులో కూలీగా పనిచేశాడు. మా ఉత్తరాంధ్ర నుంచీ గోదావరి జిల్లాల నుంచీ అలా వెళ్లినవాళ్లు లక్షల్లో ఉంటారు. కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లేవారు కనక బర్మాలో తెలుగువాళ్లకి 'కోరంగీలు' అనే పేరే పడింది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. ఓడ టికెట్టు కొనగలిగినవాళ్లు ఓడెక్కారు. మా తాతలాంటి వాళ్లు నడిచారు. ప్రోమ్ దాకా, అక్కణ్ణుంచి కొండలు దాటి టౌంగప్, అరకాన్ తీరం వెంట పైకి, చిట్టగాంగ్ దాకా. దారిలో కలరా. ఆయన వాల్తేరు స్టేషన్లో దిగేసరికి 1942 మే నెల.

విచిత్రం ఏమిటంటే, ఆయన ఏ యుద్ధం నుంచి పారిపోయి వస్తున్నాడో అది ఆయనకంటే ముందే మా ఊరొచ్చేసింది. ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం రేవు మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. ఊరు ఊరంతా ఖాళీ అయింది. మా మామ్మ జట్కాలో విజయనగరం పోయింది. ఆయన వచ్చేసరికి ఇంటికి తాళం. మా మామ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా నవ్వేది, "ఆ జపానోడు నానెక్కడున్నానో కూడా ఎతుక్కుంటూ వచ్చేడు" అని. అప్పుడు పేలకుండా పడిపోయిన బాంబొకటి ఇప్పటికీ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. మొదటిసారి దాన్ని చూడటానికి వెళ్తే, నా కమాండోల్లోని బాంబులంత అందంగా లేదని నిరాశ పడ్డాను.

తాతకి ఇంగ్లీషు రాదు. కానీ నేను చదువుతుంటే పక్కన కూర్చుని బొమ్మలు చూసేవాడు. ఒకసారి బర్మా కథ. వెదురు డొంకలు, వాగు, గొట్టపు తుపాకులు పట్టుకుని నలుగురు తెల్ల సిపాయిలు. తాత నాలుగైదు పేజీలు తిప్పించాడు.

"ఈ అడివిలో జనమేరిరా?" అన్నాడు.

"వీళ్లున్నారు కదా తాతా."

"సిపాయిలు కాదురా. జనం. ఆ దారంతా జనమే. ఇసకేస్తే రాలనంత జనం." కాసేపాగి, "నా పెట్టె ప్రోమ్‌లోనే పారీసేను. మొయ్యలేక. అందరూ పారీసేరు. దారి పక్కనంతా రేకు పెట్టెలే" అన్నాడు.

అంతకు మించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. నాకప్పుడు ఆ నలుగురు తెల్లవాళ్లు వాగు దాటతారా లేదా అన్నదే టెన్షన్. ఆయన 1991లో పోయాడు.

ఉద్యోగం, బదిలీలు, పిల్లలు. పుస్తకాలు అమ్మ ఇంట్లో అటక మీద ఉండిపోయాయి. 2008లో ఆ ఇల్లు ఖాళీ చేస్తుంటే ఎర్ర గుడ్డ వెన్నుల మూడు కట్టలూ దొరికాయి. అప్పటికి నేను హైదరాబాదులో బ్యాంకులో ఉన్నాను. ఆదివారం పొద్దున అబిడ్స్‌లో షాపులు మూసి ఉన్నప్పుడు, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. వేరే పనిమీద వెళ్లి అక్కడ కమాండోల గుట్ట చూశాను. ఆ రోజు పద్నాలుగు కొన్నాను. తర్వాత పన్నెండేళ్ల పాటు ఊళ్లో ఉన్న ఏ ఆదివారమూ ఆ ఫుట్‌పాత్ వదల్లేదు. విజయవాడ వెళ్తే ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు.

కొనడం సులువే. ఏది కొన్నామో తెలుసుకోవడమే కష్టం.

మొదట ధరల లెక్క నేర్చుకున్నాను. తొలి రోజుల కమాండోల మీద '1/-' అని ఉంటుంది, అంటే ఒక షిల్లింగు. బ్రిటన్ 1971 ఫిబ్రవరి 15న షిల్లింగులు మానేసి దశాంశ పద్ధతికి మారింది. అప్పణ్ణుంచి షిల్లింగు స్థానంలో అయిదు కొత్త పెన్నీలు. కాబట్టి అట్ట మీద 'పి' కనిపిస్తే అది 71 తర్వాతది. షిల్లింగు కనిపిస్తే ముందుది, చేతులు కాస్త వణుకుతాయి. రెండోది, కథ పాతదైనంత మాత్రాన పుస్తకం పాతది కాదు. కొన్నేళ్లు గడిచాక పాత కథనే కొత్త నంబరుతో మళ్లీ వేసేవారు, అట్ట కూడా ఒక్కోసారి అదే. నేను ఒకే కథని మూడు నంబర్లతో కొని, మూడింటినీ వేరువేరు అనుకుని ఏడాదిపాటు సంబరపడ్డాను. మూడోది, ఎవరు రాశారో ఎవరు గీశారో లోపల ఉండదు. ఆ రోజుల్లో పేర్లు వేసేవారే కాదు. తొలితరం రచయితల్లో చాలామంది యుద్ధంలో పనిచేసి వచ్చినవాళ్లు. బొమ్మలు గీసినవాళ్లు స్పెయిన్, ఇటలీ, అర్జెంటీనా, ఎక్కడెక్కడి వాళ్లో. తర్వాత ప్రపంచమంతా పేరు పొందిన ఇటలీ చిత్రకారుడు హ్యూగో ప్రాట్ కూడా ఫ్లీట్‌వే వాళ్ల యుద్ధ కామిక్స్‌కి బొమ్మలేశాడు. గీతని చూసి అది ఎవరి చేయో చెప్పగలిగేవాళ్లు ఉన్నారు. నాకు ఇప్పటికీ ఇద్దరు ముగ్గుర్ని మించి పట్టుబడలేదు.

మోసపోవడమూ జరిగింది. ఇరవైలోపు నంబర్లవి ఆరు ఉన్నాయని ఒకాయన ఫోటోలు పంపాడు. బేరమాడి తొమ్మిది వేలకి తెప్పించుకున్నాను. మొదటి నంబరు కాపీ అయితే బ్రిటన్‌లో వందల పౌండ్లు పలుకుతుంది, కాబట్టి ఇది కారు చౌక అనుకున్నాను. రెండు పుస్తకాల అట్టలు మరీ నిగనిగలాడుతున్నాయి. యాభై ఏళ్ల కాగితానికి ఆ మెరుపేమిటని మా అబ్బాయి స్టాంపుల భూతద్దం పెట్టి చూశాను. అసలు అట్టల మీద అచ్చు చుక్కలు పువ్వుల్లా స్పష్టంగా కనిపిస్తాయి, రంగు కాగితంలో ఇంకి ఉంటుంది. వీటి మీద రంగు పొడి పైన అంటుకున్నట్టుంది. కలర్ జిరాక్స్. లోపలి పుస్తకాలు అసలువే గానీ ఏ నంబరువో ఎవరికి తెలుసు? ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పణ్ణుంచి ఎవరు ఫోటో పంపినా మధ్య పేజీ పిన్నుల దగ్గర తీసి పంపమంటాను. పిన్ను తుప్పు కాగితానికి ఎంత అంటిందో, పిన్ను ఎన్నిసార్లు పీకి మళ్లీ కొట్టారో అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు నేనుండే విశాఖ వాతావరణం ఈ సరదాకి పెద్ద శత్రువు. న్యూస్‌ప్రింట్ చెక్క గుజ్జుతో చేసిన చౌక కాగితం, దానిలోని ఆమ్లమే దాన్ని లోపల్నుంచి తింటుంది. పైన సముద్రపు గాలి పిన్నుల్ని తింటుంది. మొదట్లో నేను స్టేషనరీ షాపులో దొరికే మెత్తటి ప్లాస్టిక్ ఫైలు కవర్లలో పెట్టాను. రెండు వేసవులకి అవి జిగురొచ్చి అట్ట రంగుని లాగేశాయి. అది పీవీసీ. పనికొచ్చేది పాలీప్రొపిలీన్, మనం పీపీ కవర్లంటాం. కొత్త చొక్కాలు మడిచి పెట్టే గలగలలాడే కవర్లు అవే. పూర్ణా మార్కెట్‌లో రెడీమేడ్ బట్టల వాళ్లకి సరుకిచ్చే హోల్‌సేల్ కొట్లో వందల లెక్కన కొన్నాను. "ఏ సైజు చొక్కాలు సార్?" అన్నాడు. కామిక్ జేబులోంచి తీసి చూపించాను. "చంటిపిల్లల చొక్కాలది సరిపోద్ది" అని ఇచ్చాడు. సరిగ్గా సరిపోయింది.

పురుగు పట్టిన పుస్తకాలని గట్టిగా సీలు చేసిన కవర్లో పెట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచాలి. తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా కవరు విప్పకూడదు, లేకపోతే తేమ పడుతుంది. మా ఇంట్లో ఐస్ ట్రే పక్కన, బఠాణీల పొట్లం కింద ఎనిమిది మంది బ్రిటిష్ సైనికులు రెండు వారాలు గడిపారు. "ఏవండీ, వీళ్ల యుద్ధం ఎప్పుడైపోతుంది? చికెన్ పెట్టడానికి చోటు లేదు" అని మా ఆవిడ రోజూ అడిగేది.

బైండింగ్ విప్పడం వేరే తపస్సు. వెన్ను మీద తడి దూదితో అద్దుతూ, పాత జిగురు నానాక చేపల ముల్లు తీసినట్టు దారం ఒక్కొక్కటే లాగాలి. మూడు కట్టలకి నాలుగు నెలలు పట్టింది. మైలుతుత్తం పుణ్యమా అని పురుగు ముట్టలేదు గానీ వెన్ను దగ్గర కాగితం గోధుమ రంగుకి తిరిగి పెళుసైపోయింది. పదకొండు పుస్తకాలు చేతిలోనే పొడయ్యాయి. వందలోపు నంబర్లవి నాలుగూ బతికాయి, తెగిన అంచులతో.

న్యూజెర్సీలో ఉన్న మా మేనకోడలు నా పిచ్చి చూసి అమెరికా వాళ్ల యుద్ధ కామిక్స్ గురించి చెప్పింది. ఓసారి ఒకటి పంపింది కూడా, 1950ల నాటి కొరియా యుద్ధపు కథలు, చిరిగినది. వాళ్లది ఇంకో లోకం. నా కమాండోలు యుద్ధం అయిపోయిన పదహారేళ్లకి మొదలైనవి. వాళ్లవి యుద్ధం జరుగుతుండగానే, ఒక్కోసారి ముందే అచ్చయినవి. హిట్లర్ దవడ మీద గుద్దుతున్న అట్టతో కెప్టెన్ అమెరికా మొదటి సంచిక అమ్మకానికి వచ్చింది 1940 డిసెంబరులో. అమెరికాని యుద్ధంలోకి దింపిన పెర్ల్ హార్బర్ దాడికి ఇంకా ఏడాది ఉంది. గీసిన జో సైమన్, జాక్ కర్బీ ఇద్దరూ యూదులు. వాళ్లు అమెరికా ప్రభుత్వం కోసం ఆగలేదు. యుద్ధంలోకి దిగాక ఆ పుస్తకాల అట్టల మీద యుద్ధం ఖర్చుకి ప్రభుత్వం అమ్మే వార్ బాండ్లు కొనమని పిలుపులు, ఇంటింటా పాత కాగితం సేకరణ. పిల్లలు తమ కామిక్స్ దేశం కోసం రద్దీకి ఇచ్చేశారు. అవి ఇవాళ అంత అరుదు కావడానికి అదొక కారణం. ఆ మొదటి సంచిక కాపీ ఒకటి 2022లో 31 లక్షల డాలర్లకి పైగా పలికింది. అలాంటి కాపీలకి, ఎంత బాగున్నాయో చూసి పదికి ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తారట. ఇక తెరవకూడదు. తెరిస్తే మార్కులు పోతాయి. పుస్తకం కొని చదవకపోవడం నాకు మింగుడు పడలేదు. మా అమ్మ అయితే పెద్దగా నవ్వేది.

రిజిస్టరు రాయడం 2010లో మొదలెట్టాను. నంబరు, పేరు, ధర, కొన్న చోటు, యుద్ధరంగం. యుద్ధరంగం అనే గడి ఎందుకు పెట్టానో మొదట్లో నాకే తెలీదు. రాస్తూ పోతుంటే ఉత్తర ఆఫ్రికా, నార్మండీ, ఇటలీ, అట్లాంటిక్. 'బర్మా' అని రాసినప్పుడల్లా ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి రాత్రి మళ్లీ తిరగేసేవాణ్ణి. తాత అడిగినదాని కోసం వెతుకుతున్నానని ఇరవై ముప్పై పుస్తకాలయ్యాక గాని ఒప్పుకోలేదు.

ఆ బర్మా కథల మీద నా అభిప్రాయం అంత మంచిగా లేదు. జర్మన్లలో అప్పుడప్పుడూ ఒక మంచివాడు కనిపిస్తాడు, జర్మన్ సైనికుడే హీరో అయిన కమాండోలూ ఉన్నాయి. జపాన్ వాళ్లకి ఆ భాగ్యం చాలా అరుదు. గుండ్రటి కళ్లద్దాలు, బయటికొచ్చిన పళ్లు, ఒకే అరుపు. బర్మా వాళ్లంటే దారి చూపడానికి ఒకడు. మనవాళ్లంటే గూర్ఖా, లేకపోతే తలపాగా సిక్కు. బర్మాని తిరిగి గెలిచిన పద్నాలుగో సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. నదుల మీద వంతెనలు కట్టిన మద్రాస్ శాపర్స్‌లో తెలుగువాళ్లున్నారు. నా దగ్గరున్న 74 బర్మా కథల్లో వంతెనలు పేల్చేవాళ్లే గాని కట్టేవాళ్లు లేరు. వంతెన కట్టడంలో 'ఆర్‌ర్‌ఘ్' ఉండదు కదా.

ఆ 74లోనూ అడివి ఖాళీయే. 1942లో బ్రిటిష్ సైన్యం వెనక్కి తగ్గే కథలు పదికి పైగా ఉన్నాయి. లారీలు వెళ్తాయి, టాంకులు వెళ్తాయి, గాయపడిన సార్జెంటుని మోసుకుంటూ వెళ్తారు. రోడ్డు మీద ఇంకెవరూ ఉండరు. లక్షలమంది నడిచిన రోడ్డు అది.

2019 జూన్‌లో ఒక ఆదివారం. రాత్రంతా వాన, అబిడ్స్‌లో సగం మందే పరిచారు. నాకు అలవాటైన పుస్తకాలాయన టార్పాలిన్ కింద నుంచి ఒక కట్ట తీసి, "అట్టల్లేనివి సార్, పదికొకటి" అన్నాడు. అట్ట లేని కామిక్‌కి కలెక్టర్ల లెక్కలో విలువ సున్నా. ఊరికే తిరగేశాను. మొదటి రెండు ఆకులు కూడా లేని ఒకదానిలో వెదురు కనిపించింది. బర్మా. తిరగేస్తూ పోయాను.

ఒక పేజీలో, కింది బొమ్మ. రోడ్డు మీద లారీ. బానెట్ మీద చెయ్యి వేసి ఒక ఆఫీసరు, రోడ్డు ఖాళీ చేయించమని ఎవరికో చెబుతున్నాడు. ఆయన వెనక రోడ్డు అంచున జనం. తొమ్మిదిమంది. లెక్కపెట్టాను. నెత్తిన గంపతో ఒక ఆడమనిషి, భుజాన పిల్లని ఎక్కించుకున్న మొగాడు, గొడుగు పట్టుకున్న ముసలాయన. మిగతావి వీపులు. ఇంకా కిందికి, బొమ్మ మూలలో, కాలవ గట్టు మీద మూత తెరుచుకుని పడి ఉన్న రేకు పెట్టె ఒకటి.

కథకి ఆ పెట్టెతో పనే లేదు. తర్వాతి బొమ్మలో జపాన్ విమానం వస్తుంది, జనం మాయమవుతారు, మళ్లీ కనిపించరు. ఎవరో ఒకడు, అంత చిన్న బొమ్మలో, కూలి గిట్టని చోట కూర్చుని ఆ పెట్టె గీశాడు. ఆ రోడ్డు చూసినవాడా? చూసినవాడు రాసిస్తే గీసినవాడా? లేక మూల ఖాళీగా ఉందని నింపాడా?

"ఏంటి సార్, అక్కడే నిలబడిపోయారు, వానొస్తోంది" అన్నాడు పుస్తకాలాయన. పది రూపాయలిచ్చి, చొక్కాలో పెట్టుకుని మెట్రో స్టేషన్ వైపు పరిగెత్తాను.

నంబరు కనుక్కోవడం ఇప్పటిదాకా నా వల్ల కాలేదు. అట్ట లేదు కనక ధర లేదు. మొదటి ఆకులు లేవు కనక కథ పేరు లేదు. చివరి ప్రకటనల పేజీ చింపి ఎవరో పొట్లం కట్టుకున్నట్టున్నారు. పేర్లు ఎలాగూ వేయరు. ఆ పేజీ ఫోటో తీసి బ్రిటన్‌లో ఇద్దరు కలెక్టర్లకి పంపాను. ఒకాయన అక్షరాల తీరు చూసి 1960ల చివరిది అన్నాడు. ఇంకొకాయన గీత చూసి, ఇది స్పెయిన్ వాళ్ల చేయి, అసలు ఇది కమాండోయే కాదు, ఫ్లీట్‌వేది అయ్యుండొచ్చు అన్నాడు. దాంతో వెతకాల్సిన నంబర్లు రెండింతలయ్యాయి. రిజిస్టర్లో దాని వరసలో యుద్ధరంగం గడి తప్ప అన్నీ ఖాళీ.

కరోనా తర్వాత నేను విశాఖ వచ్చేశాను. రెండు మూడు నెలలకోసారి ఏదో వంకతో హైదరాబాదు వెళ్తాను. అదే కథ ఇంకో కాపీ, అట్టతో, ఎక్కడో ఉండకపోదని. పుస్తకాలాయన దూరం నుంచే చూసి "అట్ట దొరికిందా సార్?" అంటాడు. లేదంటాను. ఆయనకి నా సంగతి అర్థమైపోయింది. ఇప్పుడు అట్టల్లేనివి విడిగా కట్ట కట్టి, నేనొస్తేనే బయటికి తీస్తున్నాడు. పది రూపాయలవి యాభై చెబుతున్నాడు.